సిటీ దివాలా అంచుకొస్తే న్యూయార్క్ దారా, డెట్రాయిట్ దారా?

1975లో న్యూయార్క్ రోజువారీ ఖర్చులక్కూడా అప్పులు చేసి చేసి చివరికి బ్యాంకులు ఇక మా వల్ల కాదనేసరికి, రాష్ట్రం సిటీ ఖర్చుల మీద కన్నేసే కంట్రోల్ బోర్డు పెట్టి మేయర్ పెత్తనానికి కళ్లెం వేసింది. డెట్రాయిట్ 2013 జులైలో సుమారు 18 బిలియన్ డాలర్ల అప్పుతో, కట్టలేనంటూ దివాలా కోర్టుకెక్కింది. అదే ఏడాది మాజీ మేయర్ క్వామే కిల్‌పాట్రిక్‌కి అవినీతి కేసులో 28 ఏళ్ల జైలు పడింది (అసలు రోగం మాత్రం జనం ఊరొదిలి పోవడమే, ఈయనది పుండు మీద కారం).

టైమ్: డెట్రాయిట్ 17 నెలల్లో బయటపడింది, న్యూయార్క్ బడ్జెట్ దారికొచ్చేసరికి 1981.

దెబ్బ: న్యూయార్క్‌లో సబ్‌వే టికెట్ 35 సెంట్ల నుంచి 50కి, సిటీ యూనివర్సిటీలో ఫ్రీ చదువు బంద్, వేలమంది ఉద్యోగాలు హుష్. డెట్రాయిట్‌లో దాదాపు 7 బిలియన్ల అప్పు ఎగిరిపోయింది గానీ మామూలు ఉద్యోగుల పెన్షన్లకి 4.5 శాతం కోత, వాళ్లేం పాపం చేశారో మరి.

రిస్క్: రెండిట్లోనూ ఓటేసిన జనం మాట కొన్నాళ్లు చెల్లదు.

టాక్సులు కట్టే జనం, వ్యాపారాలు ఇంకా ఉంటే బోర్డే నయం. ఊరే సగం ఖాళీ అయ్యాక మాత్రం కోర్టే గతి.