ఆవకాయ సీజన్‌లో ఆగిపోయిన సెటిల్‌మెంట్: మూడేళ్ల పేమెంట్ గేట్‌వే అనుభవం

మా పచ్చళ్ల వెబ్‌సైట్‌కు మూడేళ్లుగా ఒకే పేమెంట్ గేట్‌వే వాడుతున్నాను. కొనేవాళ్లు ఆన్‌లైన్‌లో కట్టిన డబ్బు తీసుకుని, రుసుము కోసుకుని, మిగతాది మన ఖాతాకు పంపే సంస్థ అది. కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ‘ఎంత శాతం తీసుకుంటారు?’ అని. నా మాట వింటే ముందు ఇంకో ప్రశ్న అడగండి: అమ్మకాలు ఉన్నట్టుండి పెరిగితే నా డబ్బు ఆపుతారా, ఆపితే ఎవరితో మాట్లాడాలి?

శాతం సంగతి చిన్నది. 600 రూపాయల ఆర్డర్‌కు 2 శాతం చొప్పున 12 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. జీఎస్టీ నమోదు ఉంది కాబట్టి ఆ పన్ను సర్దుబాటవుతుంది. అంతకుముందు క్యూఆర్ కోడ్ పంపి, వచ్చిన స్క్రీన్‌షాట్లను రాత్రి పదకొండింటికి బ్యాంకు ఖాతాతో సరిచూసుకునేదాన్ని. ఆర్డర్ కోడలి పేరు మీద ఉంటుంది, డబ్బు మామగారి ఖాతా నుంచి వస్తుంది. గేట్‌వే పెట్టాక ఆ తిప్పలు తప్పాయి. 12 రూపాయలకు ఇంత సుఖమా అని కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పాను.

రెండో ఏడాది మే నెలలో హైదరాబాద్‌లోని ఒక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మా ఆవకాయ గురించి ఎవరో రాశారు. రెండు నెలల్లో వచ్చే ఆర్డర్లు మూడు రోజుల్లో వచ్చాయి. నాలుగో రోజు పొద్దున చూస్తే సెటిల్‌మెంట్ (అమ్మిన డబ్బు మన ఖాతాలో వేయడం) ఎదురుగా ‘సమీక్షలో ఉంది’ అని కనిపించింది. ఆగింది లక్షా 86 వేలు. పెరట్లో కొట్టించిన కాయ ముక్కలు గుడ్డ మీద ఆరుతున్నాయి. వాటిని ఆ రోజే కలపాలి. నువ్వుల నూనె, కారం అరువు మీద తెచ్చాం కానీ కాయల వ్యాపారికి నగదే ఇవ్వాలి.

గేట్‌వే వాళ్లు ఫుడ్ లైసెన్సు, బిల్లులు, నలభై ఆర్డర్ల కొరియర్ రసీదులు అడిగారు. ఆ రాత్రే పంపాను. నాలుగు రోజుల తర్వాత అవే కాగితాలు మళ్లీ అడిగారు. ఫోనులో మాట్లాడే మనిషి ఒక్కరూ దొరకలేదు. నాకు బాగా కోపం తెప్పించింది ఇంకొకటి ఉంది: ఆ రోజుల్లో కొనుగోలుదారుల నుంచి డబ్బు తీసుకోవడం మాత్రం ఆపలేదు, రుసుము కోయడమూ ఆపలేదు. సరుకు పంపాల్సింది నేను, డబ్బు వాళ్ల దగ్గర. మోసాలను పట్టుకోవడానికి తనిఖీ అవసరమే, కాదనను. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఆ సొమ్ము బ్యాంకులో ఎస్క్రో ఖాతాలో, అంటే వాళ్లు సొంతానికి వాడుకోలేని విడి ఖాతాలో, ఉండాలి కాబట్టి పోతుందన్న భయమూ లేదు. కానీ ఎస్క్రోలో ఉన్న డబ్బుతో మామిడికాయలు రావు. గాజులు తాకట్టు పెట్టి సీజన్ గడిపాను. పదకొండో రోజున, ఆపినందుకు కారణం చెప్పకుండానే, మొత్తం ఖాతాలో పడింది.

అప్పటి నుంచి రుసుములను కూడా పట్టించుకుంటున్నాను. యూపీఐకి 2020 జనవరి నుంచి ఎండీఆర్ (చెల్లింపు మీద వ్యాపారి నుంచి బ్యాంకులు తీసుకునే రుసుము) లేదు, అయినా నా ప్లాన్‌లో గేట్‌వే సేవా రుసుము ఉంది. నా ఆర్డర్లలో ఎక్కువ యూపీఐవే. సీసా పగిలి డబ్బు వాపసు ఇస్తే ఆ 12 రూపాయలు తిరిగి రావు. సెటిల్‌మెంట్ రెండు పనిదినాలకు వస్తుంది, అంటే శుక్రవారం అమ్మకం మంగళవారం చేతికి.

అయినా మానలేదు. పాత వాడుకదారులకు క్యూఆర్ కోడ్, కొత్తవాళ్లకు గేట్‌వే. ఇంకో సంస్థ దగ్గర కూడా కేవైసీ పూర్తిచేసి ఖాతా సిద్ధంగా ఉంచాను. నాది ఏడాది సంపాదన ఆరు వారాల్లో వచ్చే వ్యాపారం. నెలనెలా ఒకే తీరులో అమ్మేవాళ్లకు, చేతిలో నెల రోజుల పెట్టుబడి ఉన్నవాళ్లకు ఇదే గేట్‌వే నిశ్చింతగా సరిపోవచ్చు. ఈ ఏడాది మాత్రం మార్చిలోనే, సీజన్‌లో ఎంత అమ్మకం ఉంటుందో అంచనా రాసి, లైసెన్సు కాపీతో కలిపి వాళ్లకు మెయిల్ పంపాను. అందిందని జవాబొచ్చింది. దాన్ని ప్రింటు తీసి బిల్లుల ఫైలులో పెట్టుకున్నాను.