కొత్త లగ్జరీ కారు లోన్ మీదా, పాతది రొక్కానికా?

హైదరాబాద్‌లో ఆన్‌రోడ్ 50 లక్షలు పడే కారు అనుకుందాం. 10 లక్షలు డౌన్‌పేమెంట్ కట్టి, మిగతా 40 లక్షలకు 9 శాతం వడ్డీతో ఐదేళ్ల లోన్ తీసుకుంటే ఈఎంఐ దాదాపు 83 వేలు, మొత్తం వడ్డీ 9.8 లక్షలు. ఏడేళ్లకు సాగదీస్తే ఈఎంఐ 64 వేలకు దిగుతుంది, వడ్డీ మాత్రం 14 లక్షలు దాటుతుంది. షోరూమ్‌లో మనకు గట్టిగా వినిపించేది ఆ 64 వేలే!

వడ్డీని మించిన దెబ్బ తరుగుది. ఇన్సూరెన్స్‌లో ఐడీవీ (బీమా కోసం కారుకు వేసే విలువ) లెక్కగట్టేటప్పుడే నాలుగేళ్లు దాటిన కారుకు సగం విలువ తీసేస్తారు. కట్టిన లైఫ్ ట్యాక్స్ ఆ లెక్కలోకే రాదు.

అదే మోడల్ నాలుగైదేళ్లది 25 లక్షలకు దొరికిందనుకోండి. ఆ 83 వేలే ఏడాదిన్నర దాచి, చేతిలోని 10 లక్షలకు కలిపితే సరిపోతుంది. అయితే కారు ధర సగమైందని స్పేర్‌పార్టుల ధర సగం కాదు. వారంటీ అయిపోయాక గేర్‌బాక్సో, ఎయిర్ సస్పెన్షనో పోతే బిల్లు లక్షల్లో ఉంటుంది. అందుకే రిపేర్లకు రెండు మూడు లక్షలు పక్కన ఉండాల్సిందే. సర్వీస్ రికార్డు, క్లెయిమ్‌ల చరిత్ర, ఆర్‌సీలో హైపోథికేషన్ (కారు మీద లోన్ ఉందనే నమోదు) తీసేశారా లేదా చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

జీతగాళ్లకైతే నా ఓటు పాతదానికే. వ్యాపారులకు లెక్క వేరు. కారును వ్యాపారానికి వాడినంత మేరకు వడ్డీని, ఏటా 15 శాతం తరుగును ఖర్చుగా చూపించుకోవచ్చు కాబట్టి వాళ్లకు లోన్ కొంత నయం. పాత కారునూ లోన్ మీదే కొంటానంటే, దాని వడ్డీ రేటు సాధారణంగా కొత్త కారు కంటే ఎక్కువే.