కవల పిల్లలకు 15 ఏళ్ల ఆధార్ బయోమెట్రిక్ అప్‌డేట్, కర్నూలులో: వెళ్లే ముందు ఇది చదవండి

మీ ఇంట్లో కవలలుండి, అందులోనూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండే కవలలైతే, పదిహేనేళ్లు నిండాక చేయించాల్సిన ఆధార్ బయోమెట్రిక్ అప్‌డేట్‌ని దయచేసి వాయిదా వేయకండి. మా అమ్మాయిలిద్దరికీ ఈమధ్యే కర్నూలులో చేయించాం. పని చక్కగా జరిగింది, అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద చెప్తా.

తెలియనివాళ్లకి ముందు అసలు సంగతి. అయిదేళ్లలోపు పిల్లల ఆధార్‌లో ఫోటో ఒక్కటే ఉంటుంది, వేలిముద్రలు, ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం) ఉండవు. అయిదేళ్లు నిండాక ఒకసారి, పదిహేను నిండాక ఇంకోసారి పది వేళ్లు, రెండు కళ్లు, ఫోటో అన్నీ ఇవ్వాలి. 15 నుంచి 17 ఏళ్ల మధ్య చేయిస్తే ఉచితం, అది దాటితే డబ్బు కట్టాలి. మామూలు పిల్లల తల్లిదండ్రులకి ఇది ఒక పూట పని, అంతే. కవలల ఇంట్లో మాత్రం అంత తేలిక కాదు, ఎందుకంటే మా పిల్లలకి మొహం అనేది గుర్తింపు కాదు, గొడవ.

మావాళ్లని ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవరు. "కవలల్లో ఒకమ్మాయి" అంటారు. బడిలో ఒకరి మార్కులు ఇంకొకరికి వేసి మళ్లీ దిద్దడం, పెళ్లిళ్లలో "నువ్వు పెద్దదానివా చిన్నదానివా" అని గడ్డం పట్టుకుని తిప్పి చూడడం, పుట్టినరోజుకి ఇద్దరికీ కలిపి ఒకే కేకు, ఒకే రంగు బట్టలు. చిన్నప్పుడు వాళ్లకీ సరదాగానే ఉండేది. ఇంటర్‌లో చేరాక మారిపోయింది. పెద్దది ఎంపీసీ, చిన్నది బైపీసీ. చిన్నది ఒకరోజు క్లోనింగ్ గురించి చదువుకొచ్చి, "అమ్మా, మేం కూడా క్లోన్లమే తెలుసా, ఒకే అండం రెండుగా విడిపోయి పుట్టాం, ఇద్దరి డీఎన్ఏ ఒకటే" అని సంబరంగా చెప్పింది. పెద్దది కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. ఆ వారంలోనే వెళ్లి జుట్టు మెడ దాకా కత్తిరించుకొచ్చింది. వాళ్ల జేజి "అంత పొడుగు జడ పాయె" అని ఏడ్చింది. దానికన్నా ఎక్కువ ఏడ్చింది చిన్నది, అక్క తనతో కలిసి ఉండటం ఇష్టం లేకే ఇలా చేసిందని. ఈ వయసులో కవలల్ని పెంచుతున్నవాళ్లకి ఇది అర్థమవుతుంది. ఒకరికి విడిగా కనబడాలని ఉంటుంది, ఇంకొకరికి అది తనని వదిలేయడంలా తగులుతుంది. ఇద్దరిదీ న్యాయమే, మధ్యలో తల్లికి ఏ పక్క మాట్లాడాలో తెలియదు.

దీనికి తోడు ఇప్పుడు అన్నిచోట్లా మొహం చూసి పనిచేసే యాప్‌లు వచ్చాయి. పిల్లలు వెళ్లే ఒక కోచింగ్ సెంటర్‌లో కెమెరా ముందు నిలబడితే హాజరు పడుతుంది. చిన్నది జ్వరంతో ఇంట్లో పడుకుని ఉన్న రోజు నాకు రెండు మెసేజ్‌లొచ్చాయి, చిన్నది క్లాసుకొచ్చిందని ఒకటి, పెద్దది రాలేదని ఇంకొకటి. పెద్దది అక్కడ బెంచీలో కూర్చుని ఉంది! ఫోన్ చేస్తే "యాప్‌లో అలాగే చూపిస్తోంది మేడం" అన్నారు, ఎదురుగా ఉన్న పిల్లని చూసి కూడా. ఇంట్లో ఇద్దరి ఫోన్లూ అంతే, ఒకరి మొహం చూపిస్తే ఇంకొకరి ఫోన్ తెరుచుకుంటుంది. పెద్దదాని డైరీ నోట్స్ చిన్నది అలా చదివేసి పెద్ద యుద్ధమే జరిగింది మా ఇంట్లో. ఇది చవక ఫోన్ల సమస్యే అనుకోకండి. ఆపిల్ కంపెనీయే తన ఫేస్ ఐడీ గురించి చెప్తూ, వేరేవాళ్లెవరో మీ ఫోన్ తెరవగలిగే అవకాశం పది లక్షల్లో ఒకటి కన్నా తక్కువ అంటూనే, కవలల విషయంలో, మీలాగే ఉండే తోబుట్టువుల విషయంలో ఆ అవకాశం ఎక్కువని రాసింది. ఇప్పుడు మా పిల్లలిద్దరూ ఫేస్ అన్‌లాక్ తీసేసి వేలిముద్ర పెట్టుకున్నారు. అప్పట్నుంచి ఒకరి ఫోన్ ఇంకొకరికి తెరుచుకోలేదు.

సరే, సెంటర్ విషయానికొస్తా. కర్నూలులో కొన్ని పోస్టాఫీసుల్లో, బ్యాంకుల్లో, సచివాలయాల్లో ఆధార్ కౌంటర్లున్నాయి. దగ్గర్లో ఏది ఉందో భువన్ ఆధార్ పోర్టల్‌లో మ్యాప్ మీద కనిపిస్తుంది, లేదంటే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి ఫోన్ చేసి అడగొచ్చు. మేం కొండారెడ్డి బురుజు వైపు నుంచి ఆటోలో వెళ్లాం, కౌంటర్ తెరిచే టైముకే. అప్పటికే జనం ఉన్నారు. టోకెన్ తీసుకుని కూర్చున్నాక లింకు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. నీళ్ల బాటిల్, తినడానికి ఏదన్నా తీసుకెళ్లండి. మేం దార్లో ఉగ్గాని, బజ్జీ కట్టించుకుని వెళ్లాం కాబట్టి సరిపోయింది.

మా వంతు వచ్చినప్పుడు పిల్లలిద్దరూ అలవాటుగా కలిసి లేచారు. ఆపరేటర్ తలెత్తి చూసి, "కవలలా? అయితే ఒక్కొక్కరే రావాలమ్మా. ఒకరి పని అయిపోయి స్లిప్ చేతికొచ్చాకే రెండో పాప" అన్నాడు. ఎందుకని అడిగితే వివరంగా చెప్పాడు. స్క్రీన్ మీద ఒకరి నంబర్ తెరిచి ఉండగా మిషన్ మీద ఇంకొకరు వేళ్లు పెడితే, అక్కడికక్కడ ఎవరికీ తెలియదు, మొహాలు చూసి పట్టుకోవడానికి కవలల్లో వీలుండదు కదా. తర్వాత ఎక్కడో పరీక్ష హాల్లోనో, బ్యాంకులోనో వేలు కలవనప్పుడు బయటపడుతుంది, అప్పుడు దాన్ని సరిచేయించుకోవాలంటే తలప్రాణం తోకకొస్తుంది. ఆ అబ్బాయి నన్ను పక్కకు జరగమని, పెద్దదాన్నే తన పేరు, పుట్టిన తేదీ, ఆధార్ నంబర్ చెప్పమని, మనవైపు తిరిగి ఉన్న స్క్రీన్ మీద ఉన్నవి తనవేనా అని చదివించాడు. నేను మధ్యలో జవాబు చెప్పబోతే, "పాపనే చెప్పనీండమ్మా" అన్నాడు. నిజం చెప్పాలంటే నాలుగో స్టార్ ఆ మాటకే. ఇన్నేళ్లలో మా పిల్లల్లో ఒకర్ని విడిగా కూర్చోబెట్టి, నువ్వెవరో నువ్వే చెప్పు అని అడిగినవాళ్లని నేను పెద్దగా చూడలేదు.

వేళ్ల మిషన్ చిన్న గాజు పలక. ముందు ఎడమచేతి నాలుగు వేళ్లు, తర్వాత కుడిచేతి నాలుగు, చివర్లో రెండు బొటనవేళ్లు. పెద్దదానికి ఎడమచెయ్యి ఎంతకీ పడలేదు, వేళ్లు పొడిబారి ఉన్నాయట, స్క్రీన్ మీద గీతలు తెగిపోయి చుక్కల్లా కనిపించాయి. ఆపరేటర్ గాజు తుడిచి, తడిగుడ్డ ఇచ్చి వేళ్లు ఒత్తుకోమన్నాడు, గోళ్ల మీద మెల్లగా నొక్కి పట్టాడు. అప్పుడు నల్లగా, నిండుగా గీతలొచ్చాయి. దాని మొహం వెలిగిపోయింది, పరీక్షలో ఫస్ట్ వచ్చినట్టు. కళ్లకి దుర్భిణి లాంటి పరికరం పెట్టుకుని రెప్ప వేయకుండా చూడాలి, అది తొందరగానే అయిపోయింది. చిన్నదానికి అన్నీ ఒక్కసారికే పడ్డాయి.

ఫోటో దగ్గరే నాకు అసంతృప్తి. నవ్వొద్దు, తల ఎత్తు, కెమెరాలోకి చూడు, క్లిక్, అయిపోయింది. పెద్దది ఆ జుట్టు కత్తిరించుకున్నదే వేరేగా కనబడాలని, స్లిప్ మీద చిన్న నలుపు తెలుపు బొమ్మలో అదీ సరిగా తెలియడం లేదు. రెండు స్లిప్పులూ పక్కపక్కన పెడితే నేనే పేరు చదివి చెప్పాల్సి వచ్చింది.

స్టార్ తగ్గించింది మాత్రం ఫోటోకి కాదు. కవలలు వస్తే ఏం చేయాలో చెప్పే బోర్డు గానీ, ఫారంలో ఒక గడి గానీ నాకు ఎక్కడా కనబడలేదు. మాకు దొరికిన ఆపరేటర్ మంచివాడు, తెలిసినవాడు కాబట్టి జాగ్రత్త పడ్డాడు. రద్దీలో చిరాకుగా ఉన్నవాళ్లు దొరికితే ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టి గబగబా కానిచ్చేస్తారు. ఇంత పెద్ద వ్యవస్థలో ఇది ఆపరేటర్ మంచితనం మీద ఆధారపడటం ఏం బాగాలేదు. కాబట్టి మీరే అడగండి, మొహమాటపడకండి. ఒకరి స్లిప్ చేతికొచ్చి, దాని మీద పేరు, ఫోటో సరిచూసుకున్నాకే రెండోవాళ్లని పంపండి. ఇద్దరికీ ఒకే మొబైల్ నంబర్ ఉంటే వీలైతే ఇప్పుడే విడదీయండి. ఒకే నంబర్ ఇద్దరికీ పెట్టుకోవచ్చు, రూల్ అడ్డం రాదు, కానీ ఓటీపీ వచ్చినప్పుడల్లా ఇది ఎవరిదని వెతుక్కోవాలి. మేం చిన్నదానికి వాళ్ల నాన్న నంబర్ మార్పించాం, బయోమెట్రిక్‌తో పాటే చేయించాం కాబట్టి దానికి విడిగా చార్జీ అడగలేదు.

ఇంటికొచ్చాక పిల్లలు చేసిన పని చెప్పకుండా ఉండలేను. వాళ్ల నాన్న స్టాంప్ ప్యాడ్ తీసుకుని తెల్లకాగితం మీద ఇద్దరూ బొటనవేళ్లు ఒత్తి, ఫోన్ కెమెరాతో పెద్దగా చేసి చూశారు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలాంటి సుడులు. దగ్గరగా చూస్తే పెద్దదాని సుడి పక్కన ఒక గీత రెండుగా చీలింది, చిన్నదానికి అదే చోట గీత మధ్యలో ఆగిపోయింది. చిన్నది పుస్తకం తీసి చెప్పింది, వేలిముద్రలు తల్లి కడుపులో మూడో నెలలో మొదలై ఆరో నెలలోపే స్థిరపడతాయట, కడుపులో ఎవరు ఎటు తిరిగి ఉన్నారు, వేలి మీద ఎంత ఒత్తిడి పడింది అన్నదాన్ని బట్టి గీతలు మారతాయి. డీఎన్ఏ ఒకటే అయినా ఇవి ఒకటి కావు. ఐరిస్ అయితే ఇద్దరు కవలలవే కాదు, ఒకే మనిషి కుడి కన్ను, ఎడమ కన్నువి కూడా కలవవు. తర్వాత అదే ఒక పిల్లి సంగతి కూడా చెప్పింది. 2001లో అమెరికాలో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీవాళ్లు రెయిన్‌బో అనే మూడు రంగుల పిల్లి నుంచి సీసీ అనే క్లోన్‌ని పుట్టించారు, తీరా చూస్తే రెయిన్‌బోకి ఉన్న నారింజ మచ్చలు సీసీకి లేవు. పెద్దది ఆ పిల్లి ఫోటోలు చూస్తూ చాలాసేపు కూర్చుంది. తర్వాత "అయితే క్లోన్ అన్నా పర్లేదులే" అంది చెల్లెలితో. వాళ్లిద్దరి మధ్య మాట కలిసింది ఆ రాత్రే.

పులివెందుల దగ్గర మా పిన్ని వాళ్లకి అరటితోట ఉంది, అంతా ల్యాబులో టిష్యూ కల్చర్‌తో పెంచిన జీ9 రకం మొక్కలే, అంటే అవీ క్లోన్లే. ఒకే నీళ్లు, ఒకే ఎరువు పెట్టినా గెలలన్నీ ఒకే తూకం రావు, మా చిన్నాయన ఒక్కో చెట్టునీ విడిగా చూసుకుంటాడు. పిల్లలకి ఈ మాట నేనే చెప్పాను, ఇంటర్ పుస్తకం కన్నా అది బాగా ఎక్కింది.

అప్‌డేట్‌కి 30 రోజుల దాకా పడుతుందని చెప్తారు, మాకు అంతకన్నా ముందే అయింది. చిన్నదానిది ముందు, పెద్దదానిది కొన్ని రోజులకి. స్లిప్ మీద నంబర్‌తో ఆన్‌లైన్‌లో స్టేటస్ చూసుకోవచ్చు. జేఈఈ, నీట్ రాయించాలనుకునే వాళ్లు దరఖాస్తు తేదీలు వచ్చేదాకా ఆగకండి, ఆ సీజన్‌లో సెంటర్లు కిటకిటలాడతాయి.

ఒకరి ముద్రలు ఇంకొకరి నంబర్‌కి వెళ్లలేదని తేల్చుకోవడానికి మేం రేషన్ షాపు ఈ-పాస్ మిషన్ వాడుకున్నాం. కార్డులో పేరున్న ఎవరైనా వేలు పెట్టొచ్చు కదా. ఈ నెల పెద్దదాన్ని పంపాను, తన పేరు నొక్కి వేలు పెడితే మొదటిసారికే పడింది, బియ్యం ఇచ్చారు. వచ్చే నెల చిన్నది వెళ్తుంది, ఏదైనా తేడా వస్తే ఇక్కడే రాస్తా.