అరకు ఘాట్ ఎక్కే సైకిల్‌కి షిమానో 11-34 క్యాసెట్: వారం టూర్ తర్వాత నా అభిప్రాయం

గుంపుగా వారం రోజుల సైకిల్ టూర్ అనగానే మా వాళ్లలో ముందు మొదలయ్యేది సీటు, టైర్లు, ప్యాడింగ్ ఉన్న షార్ట్స్ గురించిన చర్చ. గేర్ల మాట ఆఖర్న గానీ రాదు. విశాఖ నుంచి శృంగవరపుకోట, అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి మీదుగా నర్సీపట్నం దిగి తిరిగి రావడం మా దారి. దానికోసం సైకిల్‌కి చేయించిన మార్పుల్లో పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేసింది వెనక చక్రానికి వేయించిన కొత్త క్యాసెట్. క్యాసెట్ అంటే వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల దొంతర. నాది షిమానో హెచ్‌జీ500, 10 స్పీడ్, 11-34. అంటే పది పళ్ల చక్రాలు, అన్నిటికన్నా చిన్నదానికి 11 పళ్లు, పెద్దదానికి 34. కొండదారి టూర్‌కి సిద్ధమవుతున్నవాళ్లకి, ముఖ్యంగా నలభై దాటి మోకాళ్లు కాపాడుకోవాల్సిన వాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

నాది షిమానో వాళ్ల టియాగ్రా గేర్లున్న రోడ్ బైక్. ముందు పెడల్ దగ్గర 50, 34 పళ్ల చక్రాలు రెండు, వెనక 12-28 క్యాసెట్ ఉండేవి. భీమిలి రోడ్డు మీద వాటికి వంక పెట్టడానికి లేదు. అరకు దారి వేరు. దాదాపు సముద్ర మట్టం దగ్గర మొదలుపెట్టి 900 మీటర్లకి పైగా ఎత్తుకి చేరాలి. అందులో ఎక్కువ భాగం బొడ్డవర దాటాకే ఎదురవుతుంది. మరీ నిటారు కాదు గానీ కాళ్లకి విశ్రాంతి ఇవ్వదు. మలుపుల్లో లోపలి అంచు మాత్రం ఒక్కసారిగా పైకి లేస్తుంది. పైగా సీటు వెనక బ్యాగు బరువు.

లెక్కల టీచర్ని కాబట్టి కొనేముందు కాగితం మీద వేసి చూశాను. ముందు 34 పళ్లు, వెనక 28 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి చక్రం 1.21 చుట్లు తిరుగుతుంది. వెనక కూడా 34 పెడితే సరిగ్గా ఒక్క చుట్టే. నిమిషానికి 60 చుట్లు తొక్కాలంటే పాత గేర్‌లో గంటకి 9 కిలోమీటర్లు దాటాలి, కొత్తదాంట్లో ఏడున్నర చాలు. చూడ్డానికి చిన్న తేడా. కానీ ఎక్కుడులో ఆ తొమ్మిది అందకపోతే తొక్కుడు 45కో 40కో పడిపోతుంది. ఇక ప్రతి తొక్కూ మోకాలి మీదే. ఒక్క రోజైతే ఓర్చుకోవచ్చు. మర్నాడు పాడేరు, ఆ తర్వాత చింతపల్లి ఉన్నప్పుడు మొదటి ఘాట్‌లోనే మోకాలిని ఖర్చు పెట్టుకుంటే ఎలా?

డముకు దాటి అనంతగిరి వైపు వెళ్తుంటే ఒక మలుపులో పైనుంచి బస్సు దిగింది. లోపలి అంచుకి జరగక తప్పలేదు. పెడల్ మీద బరువు తగ్గించే వీలు లేకుండానే లీవర్ నొక్కాను. టక్కుమని ఒక్క శబ్దం, చైన్ 30 మీంచి 34 మీదకి ఎక్కి కూర్చుంది. జారలేదు, గరగరమనలేదు. ఈ క్యాసెట్‌లో పళ్ల చక్రాల పక్కన చిన్న గాడులు చెక్కి ఉంటాయి, హైపర్‌గ్లైడ్ అంటారు. చైన్‌ని పై చక్రానికి అందించేవి అవే. సీటు మీంచి లేవకుండా ఆ మలుపు ఎక్కేశాను. రోడ్డు పనులు జరుగుతున్న చోట కంకర మీద కూడా ఇదే మేలు చేసింది. కూర్చుని తేలిగ్గా తొక్కితే వెనక చక్రం జారదు, నిలబడి బలంగా తొక్కితే జారుతుంది. గాలికొండ చేరేసరికి పక్కవాళ్లతో మాట్లాడే ఓపిక మిగిలింది. కాఫీ తోటల్లో చెట్లకి పాకిన మిరియాల తీగల్ని తీరిగ్గా చూస్తూ వెళ్లాను. ఇంత దూరం సైకిల్ మీద వచ్చేది అందుకే కదా.

ఇక బిగించే సంగతి. క్యాసెట్ ఒక్కటే కొంటే సరిపోతుందని అనుకోకండి. చైన్‌ని ఒక పళ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదకి జరిపేది డిరైల్లర్. దాని కింద చైన్‌ని బిగువుగా పట్టి ఉంచే చట్రం కేజ్. నా గేర్ల సెట్టు టియాగ్రా 4700లో చిన్న కేజ్ ఉన్న వెనక డిరైల్లర్ 28 పళ్ల వరకే పనిచేస్తుంది. 34కి జీఎస్ అనే లాంగ్ కేజ్ (పొడవు కేజ్) రకం కావాలి. చైన్ కూడా పొడవుది వేయాలి. మా గుంపులో ఒక అబ్బాయికి ఒక షాపులో పాత డిరైల్లర్ ఉంచేసి, పాత చైన్‌తోనే క్యాసెట్ బిగించి పంపించారు. సింహాచలం కొండ మీద ట్రయల్‌కి వెళ్తే డిరైల్లర్ పై చక్రం పెద్ద పళ్లకి రాసుకుంటూ ఒకటే రొద. అంతకన్నా ప్రమాదం చైన్ పొట్టిగా ఉండటం. పొరపాటున ముందు 50, వెనక 34 పడితే చైన్ బిగుసుకుని డిరైల్లర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే హ్యాంగర్ విరిగిపోతుంది. కొండ మీద అది విరిగితే టూర్ అక్కడితో సరి. ఆ అబ్బాయి సైకిల్‌ని బయల్దేరకముందే సరిచేయించాం.

నాది బిగించిన మెకానిక్ ముందు అడిగిన మాట, "అమ్మా, మీ హబ్ 10 స్పీడా, 11 స్పీడా?" అని. హబ్ అంటే క్యాసెట్ కూర్చునే చక్రం మధ్య భాగం. అది 11 స్పీడ్‌ది అయితే క్యాసెట్ వెనక 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ (సన్నటి రింగు) వేయాలి, లేకపోతే క్యాసెట్ వదులుగా ఊగుతుంది. మీ మెకానిక్‌కి ఈ విషయం తెలుసో లేదో ముందే మాట్లాడి చూసుకోండి. క్యాసెట్‌ని పట్టి ఉంచే లాక్‌రింగ్‌ని ఎంత బిగించాలో దాని మీదే రాసి ఉంటుంది, 40 న్యూటన్ మీటర్లు.

లోపాలూ ఉన్నాయి. పాత 12-28లో 12, 13, 14, 15 వరసగా ఉండేవి. ఇందులో 11, 13, 15. నర్సీపట్నం దాటి చదును నేల మీద గుంపు వేగం పెంచినప్పుడు ఆ 14 లేని లోటు బాగా తెలిసింది. ఒకదాంట్లో కాళ్లు పరిగెడతాయి, ఇంకోదాంట్లో బరువెక్కుతాయి. బరువు కూడా పాతదానికన్నా ఎక్కువే. రేసులు తొక్కేవాళ్లు, రోజూ బీచ్ రోడ్డు మీదే తిరిగేవాళ్లు దీనికి డబ్బు పెట్టక్కర్లేదు.

గుంపు టూర్‌కి మాత్రం నా మాట గట్టిగానే చెప్తాను. మాతో 11-25 వేసుకుని వచ్చిన వాళ్లున్నారు. వాళ్లలో బలమైన కుర్రాడు ఎక్కేశాడు, ఇంకొకాయన చివరి మలుపులన్నీ నెట్టుకుంటూ నడిచారు. ఆయన కోసం మిగతావాళ్లు పైన చెమట బట్టలతో చలిగాలిలో నిలబడ్డారు. అది ఆయన ఓపిక లోపం కాదు, గేర్ లోపం. టూర్ నడిపేవాళ్లు సైకిల్ ఏ కంపెనీది అని కాదు, వెనక పెద్ద చక్రానికి ఎన్ని పళ్లు అని ముందే అడిగి రాసుకోవాలి. ఎవరిది ఎన్ని స్పీడ్లో కూడా రాసుకుంటే చైన్ తెగినప్పుడు దాన్ని తిరిగి కలిపే క్విక్ లింక్ ఎవరిది ఎవరికి పనికొస్తుందో తెలుస్తుంది. 11 స్పీడ్‌ది 10 స్పీడ్ చైన్‌కి సరిపోదు. లంబసింగి నుంచి దిగే ఘాట్ కోసం బ్రేక్ ప్యాడ్లు కొత్తవి వేయించుకోండి, దాని గురించి వాదించేదేమీ లేదు.

వేయించదలిస్తే బయల్దేరడానికి కొన్ని వారాల ముందే వేయించండి. కొత్త గేర్ కేబుల్ మొదట్లో కొంచెం వదులవుతుంది, గేర్లు వాటంతట అవే దూకుతాయి. నిండు బ్యాగుతో సింహాచలం కొండ ఎక్కి దిగితే ఆ సంగతి అక్కడే బయటపడుతుంది. కేబుల్ బిగువు సర్దే బ్యారెల్ అడ్జస్టర్‌ని కొద్దికొద్దిగా తిప్పితే సర్దుకుంటుంది. ఆ పని ఎవరికి వాళ్లు నేర్చుకుని రావాలి, దారిలో అందరికీ చేసిపెట్టే మెకానిక్ ఎవరూ ఉండరు.