కరివేపాకు పురుగు ఫొటోకు 15ఎక్స్ లెన్స్ కొనొచ్చా?

ఐదారు వందలకు దొరికే ఫోన్ క్లిప్ లెన్స్ ఇది. 0.45ఎక్స్ వైడ్ లెన్స్‌తో కలిపి బిగించి వస్తుంది. ముందున్న ఆ వైడ్ ముక్క మర విప్పేస్తేనే వెనకున్న మాక్రో (దగ్గరి వస్తువును పెద్దగా చూపే 15ఎక్స్ లెన్స్) పనిచేస్తుంది. ఇది తెలియకపోతే లెన్స్ పాడైందనే అనుకుంటారు.

గాజు బాగుంది. మధ్యభాగం స్పష్టంగా వస్తుంది, అంచులు మాత్రం సాగిపోతాయి. అసలు చిక్కు దూరంతోనే. ఫోకస్ కుదరాలంటే లెన్స్ ఆకుకు సుమారు 2 సెంటీమీటర్ల దగ్గరికి రావాలి. తిరుపతి పెరళ్లలో కరివేపాకు, నిమ్మ చెట్ల మీద పెరిగే సీతాకోకచిలుక పురుగు, లెన్స్ అంత దగ్గరికి వస్తే బెదురుతుంది. కొమ్మకు చెయ్యి తగిలిందంటే మేత ఆపి, తల వెనక నుంచి ఎర్రటి జంట కొమ్ములు చాపి ఘాటు వాసన వదులుతుంది. ఆ కొమ్ముల ఫొటో అందంగానే ఉంటుంది గానీ మనకు కావలసింది ఆకు తింటున్న పురుగు. పైగా ఫోన్ నీడ దాని మీదే పడుతుంది.

గుడ్లకు, పిట్టరెట్టలా కనిపించే పిల్ల పురుగులకు ఈ లెన్స్ భేష్. పచ్చబడి 4 సెంటీమీటర్లకు ఎదిగిన పురుగు ఫ్రేములో పట్టదు. దానికీ, నందివర్ధనం మీద మేసే నీలికళ్ల మచ్చల పురుగుకూ 10 సెంటీమీటర్ల దూరం నుంచి ఫోకస్ అయ్యే క్లిప్ లెన్సే తీసుకోండి.

ఏది కొన్నా ఫోన్ కవర్ తీసి, క్లిప్‌ను మెయిన్ కెమెరాకు నట్టనడుమ పెట్టాలి. ఫోన్ కెమెరా సెట్టింగుల్లో ఆటో మాక్రో ఆపకపోతే దగ్గరికి వెళ్లగానే ఫోన్ వేరే కెమెరాకు మారిపోయి తెర నల్లబడుతుంది. గాలికి ఊగే రెమ్మను పక్కన గుచ్చిన పుల్లకు బట్టల క్లిప్పుతో పట్టించండి. పురుగున్న ఆకును మాత్రం తెంపొద్దు. పొద్దున ఎండ ముదరకముందే ఫోకస్ లాక్ చేసి, ఫోన్‌నే మిల్లీమీటరు చొప్పున ముందుకూ వెనక్కీ జరుపుతూ పది పదిహేను ఫొటోలు వరసగా తీస్తే ఒకటో రెండో నిలుస్తాయి.

ఫోకస్ తప్పేది ఎక్కువగా కళ్ల దగ్గరే. పచ్చ పురుగు వీపు మీద కళ్లలా కనిపించేవి ఉత్త మచ్చలు. నిజమైన తల వాటికి కిందుగా, ముందుకు వంగి ఆకు అంచును పట్టుకుని ఉంటుంది. పక్కల నుంచి కలుసుకునే దవడలు అంచును చంద్రవంకలా కొరుక్కుంటూ పోతాయి. ఫోకస్ అక్కడ పెట్టండి.

ఈ లెన్స్‌కు నా మార్కులు: పిల్ల పురుగులకు అయిదుకు నాలుగు, ఎదిగిన వాటికి రెండే.