శిలీంధ్రం ఉన్న గడ్డి మేలా, లేనిది మేలా?

మా బావ శంషాబాద్ దగ్గర గేదెలు పెట్టాడు. "ఫెస్క్యూ గడ్డి విత్తనం తెప్పిస్తే ఎట్లుంటది?" అని మొన్న ఫోన్.

ఫెస్క్యూలో అమెరికాలో ఎక్కువగా పరుచుకున్నది కెంటకీ-31 రకం, 1943లో విడుదలైంది. దాని ఆకు తొడుగుల్లో, కణాల మధ్య ఎపిక్లోయీ అనే శిలీంధ్రం కాపురముంటుంది. పైకి బూజు చుక్క కూడా కనపడదు, విత్తనంతోనే తర్వాతి తరానికి పోతుంది. అది లోపలుంటే గడ్డి కరువుకు ఓర్చుకుంటుంది, పురుగు తక్కువ, ఏళ్ల తరబడి నిలుస్తుంది. చిక్కేమిటంటే అదే ఎర్గోవాలిన్ అనే విషం కూడా తయారుచేస్తుంది. రక్తనాళాలు బిగుసుకుని ఒంటి వేడి బయటికి పోదు, పశువు మేత మానేసి నీడలో రొప్పుతుంది, పాలు పడిపోతాయి. చలిలోనైతే కాలి గిట్టలే ఊడొచ్చు. మన మే నెలలో, అసలే నల్లతోలు గేదెకు? ఊహించుకోండి.

శిలీంధ్రం లేని రకం మేస్తే పశువుకు ఢోకా లేదు. గడ్డికే ఆయుష్షు తక్కువ.

ఎర్గోవాలిన్ చేయని శిలీంధ్రాన్ని ఎక్కించిన విత్తనమూ ఉంది, నా ఓటు దానికే. కాకపోతే విత్తనం వేడిలో నిల్వ ఉంటే లోపలి శిలీంధ్రం చచ్చిపోతుంది, మొలక మాత్రం వస్తుంది.

ఇదంతా చలిదేశపు లెక్క. బావకు మాత్రం నేపియర్ గడ్డి కణుపులే నాటుకోమన్నాను.