స్టీలు డబ్బాలా, సాయంత్రం నడకా? రొమ్ము క్యాన్సర్ విషయంలో ఏది మేలు?

రొమ్ము క్యాన్సర్ మాట వినగానే చాలా ఇళ్లలో మొదటి వేటు వంటింట్లో ప్లాస్టిక్ మీద పడుతుంది. డబ్బాలన్నీ పాత సామాన్ల వాడికి వేసి స్టీలువి, గాజువి కొంటారు, ఆ ఊపులోనే రాగి బాటిలూ, గానుగ నూనె, ఆర్గానిక్ కూరగాయలూ వచ్చేస్తాయి. తప్పేం లేదు, కానీ ఆ ఖర్చుకి తగ్గట్టు ముప్పు తగ్గుతుందా అంటే నాకు అనుమానమే.

ప్లాస్టిక్‌లో ఉండే బీపీఏ లాంటి రసాయనాలు ఒంట్లో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను చేసే పనిలో వేలు పెడతాయి, అది నిజం. 2023లో యూరప్ ఆహార భద్రతా సంస్థ బీపీఏకి పెట్టిన రోజువారీ పరిమితిని ఏకంగా 20,000 రెట్లు తగ్గించింది కూడా. అయితే మనుషుల్లో రొమ్ము క్యాన్సర్‌కి ఇది కారణమని గట్టిగా తేలలేదు. అందుకే బియ్యం, పప్పులు పోసుకునే డబ్బాల జోలికి వెళ్లక్కర్లేదంటాను. తంటా అంతా వేడితోనే. కర్రీ పాయింట్‌లో పొగలు కక్కే సాంబారు పల్చటి కవర్లో పోసి రబ్బరు బ్యాండు వేసి ఇస్తారు చూడండి, ముందు మానాల్సింది అది. ఇంట్లో ఉన్న స్టీలు క్యారేజీ పట్టుకెళ్తే సరి, పైసా ఖర్చు లేదు. ఆర్గానిక్ అంటారా, బ్రిటన్‌లో 6 లక్షల మందికి పైగా ఆడవాళ్లని ఏళ్ల తరబడి గమనించి 2014లో ఫలితాలు చెప్పారు, ఆర్గానిక్ తిన్నవాళ్లలో రొమ్ము క్యాన్సర్ ఏమీ తగ్గలేదు.

ఇక నడక. నెలసరి ఆగిపోయాక అండాశయాలు ఈస్ట్రోజన్ తయారీ దాదాపు మానేస్తాయి, అప్పుడు ఆ పని కొవ్వు అందుకుంటుంది. కొవ్వు పెరిగేకొద్దీ ఆ హార్మోనూ పెరుగుతుంది, చాలా రకాల రొమ్ము క్యాన్సర్‌కి అదే మేత. కాబట్టి 50 దాటాక బరువు పెరగకుండా చూసుకోవడం డబ్బాలు మార్చడం కన్నా ఎన్నో రెట్లు మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు, అదీ కాస్త ఆయాసం వచ్చేలా. పొద్దున్నుంచీ ఇంటి పనితో నడుస్తూనే ఉన్నాం కదా అంటారు మనవాళ్లు, పొయ్యి దగ్గర నిలబడటం మాత్రం ఈ లెక్కలోకి రాదు.

మద్యం గురించి మన ఇళ్లలో ఆడవాళ్ల దగ్గర ఎవరూ ఎత్తరు, ఇప్పుడు ఎత్తాల్సిందే. రోజుకి 10 గ్రాముల ఆల్కహాల్, అంటే దాదాపు ఒక 30 ఎంఎల్ పెగ్గు, దానికే ముప్పు 7 నుంచి 10 శాతం పెరుగుతుంది. వైన్ అయితే ఫర్వాలేదన్నది ఉత్త మాట.

పిల్లలకి పాలివ్వడం కూడా తల్లికి మేలే, పాలిచ్చిన కాలమంతా కలిపి ప్రతి 12 నెలలకీ ముప్పు 4 శాతం చొప్పున తగ్గుతుందని 2002లో 30 దేశాల అధ్యయనాలు కలిపి తేల్చారు. పాలు పడక డబ్బా పాలు పట్టినవాళ్లు దీనికి టెన్షన్ పడొద్దు. డియోడరెంటు వల్ల, నల్ల బ్రా వల్ల క్యాన్సర్ వస్తుందనే కబుర్లు వాట్సాప్‌లోనే వదిలేయండి.

నా ఓటు నడకకీ, బరువుకీ, మందు మానడానికీ, ఆ తర్వాతే క్యారేజీకి. ఇవన్నీ పాటించినా రాదని రాసివ్వలేం, ఈ జబ్బు వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి ఆడవాళ్లు కావడం, వయసు తప్ప వేరే కారణమే కనిపించదు. 30 దాటితే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో రొమ్ము పరీక్ష ఉంటుంది, వెళ్లి చేయించుకోండి. గడ్డ తగిలితే నొప్పి లేదు కదా అని ఊరుకోకండి, ఈ గడ్డలు మొదట్లో చాలావరకు నొప్పి పెట్టవు.